నాన్న పరుగు

సెప్టెంబర్ 2
క్లిప్ దొరికింది, టీవీ ఆర్కైవ్‌లో. నలభై ఏళ్ళ కిందట మా పేట హాండ్స్‌వర్త్‌లో అల్లర్లు జరిగిన సాయంత్రం. నాన్న పరిగెత్తుతున్నాడు, పంతొమ్మిదేళ్ళవాడు. వెనక నుంచి వార్తల గొంతు ‘దోపిడీదారులు’ అంటోంది. నాన్న చేతుల్లో ఏమీ లేదు. చిప్స్ కొట్టులో చిక్కుకుపోయిన చెల్లెలి కోసం పరిగెత్తుతున్నాడు. నల్ల కుర్రాడు పరిగెత్తితే దొంగే అవ్వాలా? ఒళ్ళు మండుతోంది. ఇవాళే ఎడిట్ మొదలుపెడతాను.

సెప్టెంబర్ 5
ఆ గొంతు తీసేశాను. పరుగుని బాగా స్లో చేశాను. ఇప్పుడు నాన్న మొహం కనిపిస్తోంది, ఎంత అందంగా ఉన్నాడో. గోడంత తెర మీద లూప్‌లో తిరుగుతుంది. క్యూరేటర్ హెన్రియెట్టా చూసి కళ్ళు తుడుచుకుంది. గ్యాలరీలో పెట్టబోయే నా ప్రదర్శనకి ఇదే గుండెకాయ అంది, పోస్టర్ కూడా ఇదేనట. పొంగిపోయాను.

సెప్టెంబర్ 6
నాన్నకి ఇంకా చెప్పలేదు.

సెప్టెంబర్ 9, సాయంత్రం
లాప్‌టాప్ పట్టుకుని నాన్న డామినోస్ బిళ్ళలాట ఆడే క్లబ్బుకి వెళ్ళాను. ఆయన పాత జోడీ ఎగ్బర్ట్ మామయ్య తొంగిచూసి, “ఏరా రాన్స్‌ఫర్డ్, మళ్ళీ టీవీకెక్కావే, ఈసారి కూతురే ఎక్కించిందా?” అని ఆటపట్టించాడు. నాన్న నవ్వలేదు. క్లిప్ అయిపోయి మళ్ళీ మొదలైంది. ఇది ఎంతసేపు ఆడుతుందని అడిగాడు. గ్యాలరీ తెరిచి ఉన్నంతసేపూ అన్నాను.

“ఏటేటా ఆ అల్లర్ల రోజు రాగానే టీవీవాళ్ళు నన్ను పరిగెత్తిస్తూనే ఉన్నారు. వాళ్ళది చిటికెలో అయిపోతుంది తల్లీ. నువ్వు రోజంతా పరిగెత్తిస్తావా?”

గౌరవం కోసమే స్లో చేశానని చెప్పబోయాను. నాన్న బిళ్ళని బల్ల మీద ఠప్పున కొట్టి, ఇక ఎవరి వంతని అడిగాడు.

సెప్టెంబర్ 10
నిద్ర లేదు, తిండి లేదు. నాన్న మీద కోపం, హెన్రియెట్టా మీద కోపం, నా మీద మరీ కోపం. ఆయన భయపడుతుంటే నేను అందం చూశాను. క్లిప్ తీసేస్తే చూపించడానికి నా దగ్గర ఏముంది? ఇన్నేళ్ళకి దొరికిన మొదటి సోలో షో ఇది.

సెప్టెంబర్ 12
తీసేశాను. పోస్టర్లు అచ్చయిపోయాయని హెన్రియెట్టా ఫోన్ చేసింది. చింపెయ్యమన్నాను. ఇరవయ్యో తేదీకల్లా వేరేది ఇవ్వకపోతే గది ఇంకొకరికి వెళ్తుందని చాలా మర్యాదగా చెప్పింది.

సెప్టెంబర్ 15
ఎలా కనబడాలని ఉందని నాన్ననే అడిగాను. ఇంతకుముందు ఎవరూ అడగలేదట. నన్ను కూర్చోబెట్టు అన్నాడు. వంటింట్లో కిటికీ పక్కన కుర్చీ వేశాను. కెమెరా ముందు టీ తాగాడు, ముక్కు గోక్కున్నాడు, కాస్త కునుకు తీశాడు. ఏదీ కట్ చెయ్యలేదు.

సెప్టెంబర్ 26
షో మొదటి రోజు. నాన్న సూటు వేసుకుని వచ్చి, తను కుర్చీలో టీ తాగుతూ కనిపించే తెర ఎదురుగానే బెంచీ మీద కూర్చున్నాడు. పక్కనున్న ఒకావిడ చాలాసేపు చూసి, ఇది ఎప్పుడు మొదలవుతుందని ఆయన్నే అడిగింది.

“మొదలవదమ్మా,” అన్నాడు నాన్న. “ఆగింది.”