మేనల్లుడి మూడో కోరిక

కస్కెలెన్,
తొలి మంచు పడిన మర్నాడు

నా పెద్దబిడ్డ షోల్పాన్‌కు అమ్మ దీవించి రాయునది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. అందరం అంటే నేనూ, ఆవూ. ఆవు నిజంగానే క్షేమం. అక్కడ నువ్వూ అల్లుడుగారూ చిన్నదీ బాగున్నారని తలుస్తాను. అక్తౌ సముద్రపు గాలికి నీ తలనొప్పి ఎలా ఉందో రాయలేదు. తలకి ఉన్నిగుడ్డ కట్టుకోమంటే వినవు.

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో అయితే నేను ఏడుస్తాను, నువ్వు ఏడుస్తావు, ఇద్దరం పెట్టేస్తాం. అందుకని ఉత్తరాలు రాసుకుందామని నువ్వే అన్నావు. మంచిదే అయింది. ఇవాళ రాసేది నోటితో చెప్పగలిగేది కాదు. ఏడో తరగతి దాటనిదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మోకాళ్ళ సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. పైవాడు పైకి రమ్మంటున్నాడేమో అని పక్కింటి ఉల్బోసిన్‌తో అంటే అది నవ్వలేదు. చలికాలానికి బొగ్గు దింపించాను. ప్రతి శుక్రవారం ఏడు రొట్టెలు నూనెలో వేయించి పోయిన నీ తమ్ముడు రవాన్ పేరు చెప్పి ఇరుగుపొరుగుకి పంచుతూనే ఉన్నాను. వాడి ఏడాది భోజనాలకి కోయాల్సిన గుర్రాన్ని మీ చిన్నాన్న చూసిపెట్టాడు. బక్కదే కానీ, వయసులో పోయినవాడి భోజనాలకి ఎవరూ కడుపారా తినరులే.

ఇక నువ్వు రాసిన మిగతా రెండు మాటలు. ఆ రోజు భోజనాలయ్యాక అల్లుడుగారు లేచి కుర్రకారుకి నాలుగు మంచి మాటలు చెబుతారని రాశావు. కార్ల పందేల ట్రాక్ మీద తిప్పే టైర్లతో రోడ్డెక్కి రవాన్ చేతులారా ప్రాణం తీసుకున్నాడనీ, అలాంటి మూర్ఖత్వం ఇంకెవరూ చేయకూడదనీ చెబుతారట. రెండోది, ఇన్నాళ్ళూ నా దగ్గరుండి చదువుకున్న దౌలెత్‌ని మళ్ళీ ఇంటికి పిలవమన్నావు. మేనమామ పోయిన దిగులుతో నీ కొడుకు హాస్టల్లో చిక్కిపోతున్నాడట, అమ్మమ్మనై ఉండి నాకు జాలి లేదట.

నీ ఉత్తరం మడిచిపెట్టి పాలు పితకడానికి వెళ్ళాను. ఆవు తన్నింది. నా చేతుల్లో కోపం దానికి తెలిసిపోయింది.

నీ తమ్ముడు మూర్ఖుడా, షోల్పాన్? నువ్వు పెళ్ళయి వెళ్ళేటప్పటికి వాడు ఇంకా పాలపళ్ళతో ఉన్నాడు. పెద్దవాడయ్యాక వాడెలాంటివాడో నీకు ఫోన్‌లో విన్నంతే తెలుసు. నేను చెబుతాను విను.

ఆ ఎర్ర కారు కొన్న చలికాలమంతా వాడికి టైర్ల ధ్యాసే. పగలంతా లిఫ్టులు బాగుచేసి వచ్చి, అన్నం ముందు పెట్టుకుని టైర్ల గురించి చదివేవాడు. ముప్పై ఏళ్ళు వస్తున్నాయి, ఈ శ్రద్ధతో పిల్లని వెతికితే ఈపాటికి నీకూ పిల్లలుండేవాళ్ళని దెప్పాను. టైరు పక్కన అది ఏ ఏడాది ఏ వారం పుట్టిందో అచ్చువేసి ఉంటుందట.

"పెళ్ళికూతుళ్ళకి కూడా అలా వేయించవే అమ్మా, చూసి చేసుకుంటాను," అన్నాడు.

పాత సరుకు ముట్టేవాడు కాదు. రోడ్డెక్కకపోయినా, కొట్లో కూర్చునే ముసలిదైపోతుందట రబ్బరు. నేనూ అంతేగా అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు నీకు ఉత్తరంలో ఎలా పంపను?

కొట్టువాడు ఒకే రకం అంటగట్టబోయాడు. రోడ్డుకీ పనికొస్తాయి, ట్రాక్ మీదా పనికొస్తాయి, రెండు జతలు కొని మోయడమెందుకన్నాడట. వీడు ఒక వేసవి అవీ వాడి చూశాడు. చూసి, రెండుచోట్లా మంచిదన్నది రెండుచోట్లా అబద్ధమాడుతుందని తేల్చాడు. ట్రాక్ మీద నాలుగు చుట్లు తిరిగేసరికి అవి వేడెక్కి పట్టు వదిలేవట, వానలోనేమో సగం పట్టేవట. అప్పుడు రెండు జతలు తెచ్చాడు. లోతైన గాడులున్నవి రోడ్డుకి. నున్నగా, బోడిగా ఉన్నవి ట్రాక్‌కి.

ఈ బోడివి కొత్తవా, అరిగినవా అని అడిగాను. కుండలో మిగిలిన గొర్రె కొవ్వు చూపించాడు.

"వేడిగా ఉన్నప్పుడు వేలికి అంటుకుంటుంది కదా. చల్లారితే గోరు కూడా దిగదు. ఈ రబ్బరూ అంతే. కాగితే కారుని నేలకి అతికిస్తుంది. చలిలో రాయి. పైగా గాడులు లేవు, అడుగున నీళ్ళు పోయే దారుండదు. వీటితో వాన రోడ్డు మీదికి వెళ్ళేవాడు బతుకు మీద విసుగు పుట్టినవాడే."

విన్నావా? ఆ మాట అన్నది నీ తమ్ముడు. నా వంటింట్లో, నా ముందర.

ప్రతిసారీ రోడ్డు టైర్లతోనే ఇంటినుంచి బయలుదేరేవాడు. వెనక సీటు మడిచి ట్రాక్ టైర్లు నాలుగూ అందులో పేర్చేవాడు. సీటు పాడవకుండా నేనే పాత బొంత చింపి చక్రాలకి తొడుగులు కుట్టాను, ఎనిమిదింటికీ. అక్కడ మార్చుకుని, తిప్పుకుని, మళ్ళీ మార్చుకుని ఇంటికొచ్చేవాడు. ఎంత అలసిపోయినా మార్చకుండా రాలేదు. స్నేహితులు "బొంతల రవాన్" అని ఎగతాళి చేసేవాళ్ళు. మరి ఆ ఒక్కరోజు రోడ్డు టైర్లు ఏమయ్యాయని ఎవరైనా అడిగారా? పోలీసులు అడగలేదు. టైర్లు తగినవి కావని రాసుకుని పోయారు. చిన్నాన్న అడగలేదు. నువ్వూ అడగలేదు. మూర్ఖుడనుకోవడం తేలిక కదా, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

నేనూ అడగలేదు. వాడు పోయిన నలభయ్యో రోజు భోజనాల నాడు నాకు తెలిసింది.

జనమంతా తిని వెళ్ళిపోయాక దౌలెత్ తన కారు వెనక తలుపు తీసి నాలుగు చక్రాలు దింపాడు. నా బొంత తొడుగుల్లో ఉన్నాయి. రవాన్ రోడ్డు టైర్లు. పశువుల పాకలో గోడకి ఆనించి, నా పక్కన కూర్చుని చెప్పాడు.

ఆ రోజు వాడూ ట్రాక్‌కి వెళ్ళాడు, షోల్పాన్. నీకు చదువుకుంటున్నానని చెప్పాడేమో. మామ కారులాంటిదే పాతది కొన్నాడుగా, చక్రాలు కూడా ఒకటే కొలత. చవక రోడ్డు టైర్లతో ట్రాక్ మీద మామ వెనక పరిగెత్తి, వాటి అంచులు కరిగి లోపలి నారలు బయటపడేదాకా తిప్పాడు. రవాన్ చూసి, నీ టైర్లు ఒంటె మడమల్లా ఉన్నాయిరా, వీటితో ఊరు చేరినట్టే అని చీవాట్లు పెట్టాడట. దౌలెత్‌కి మర్నాడు పరీక్ష. చీకటి పడకముందే వెళ్ళాలి. అప్పుడు నవ్వుతూ అడిగాడట.

"మామా, మేనల్లుణ్ణి అడుగుతున్నాను. ఇది నా రెండో కోరిక."

మన ఆచారం నీకు నేను చెప్పక్కర్లేదు. అమ్మ పుట్టింటివాళ్ళని మేనల్లుడు మూడుసార్లు ఏదడిగినా కాదనకూడదు. కాదన్నవాళ్ళ చేతులు వణుకుతాయంటారు. దౌలెత్ మొదటి కోరిక ఆరేళ్ళప్పుడు కోరాడు, నొసట తెల్లచుక్క ఉన్న గుర్రప్పిల్లని. మీ నాన్న దాన్ని పందెపు గుర్రం చేద్దామని కలలు కంటున్నాడు. అయినా మెడ తాడు తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. ఆ ఆచారం వాడికి నేర్పింది నేనే, పక్కన కూర్చోబెట్టుకుని ముద్దుచేస్తూ.

రవాన్ తన రోడ్డు టైర్లని బొంత తొడుగుల్లోంచి తీసి మేనల్లుడి కారుకి బిగించాడు. తనకి ఆ బోడివే మిగిలాయి. ఆకాశం నిర్మలంగా ఉంది, మంచు రెండు రోజుల తర్వాత అన్నారు, నేను పాక్కుంటూ వస్తాలే, నువ్వు పరీక్ష చూసుకో అన్నాడట. మంచు రెండు రోజులు ఆగలేదు. సాయంత్రానికి వానతో కలిసి పడింది. వెనక వచ్చిన లారీ అతను మట్టి ఇచ్చిన రోజున వచ్చి నాతో చెప్పాడు, మీ అబ్బాయి ట్రాక్టరుకన్నా మెల్లగా పోతున్నాడు తల్లీ, హారన్ కొట్టి విసుక్కున్నాను కూడా అని. వంతెన దిగే దగ్గర కారు తనంతట తనే పక్కకి జారిందట. ఎవరూ తోయలేదు, ఎవరూ తిప్పలేదు. కొవ్వు చల్లారి రాయైంది, అంతే.

ఫోన్ వచ్చినప్పుడు దౌలెత్ నా ఎదుట కూర్చుని సూప్ తాగుతున్నాడు.

టైర్లు అడిగినందుకు నేను వాణ్ణి ఏమీ అనను. అడిగాడు, మామ ఇచ్చాడు, వాన వచ్చింది. అది దేవుడితో తేల్చుకోవాల్సిన లెక్క. కానీ ఆ నలభై రోజులూ వచ్చినవాళ్ళంతా నా కొడుకుని తెలివితక్కువవాడన్నారు. మీ పిన్ని మాంసం ముక్క నములుతూ, దేవుడు కారిచ్చాడు కానీ బుర్ర ఇవ్వలేదంది. నీ కొడుకు టీ గిన్నెలు అందిస్తూ అక్కడే ఉన్నాడు. తల వంచుకుని అందించాడు. ఒక్క మాట, షోల్పాన్. ఒక్క మాట అంటే చాలు, మా మామ అలాంటివాడు కాదని.

పాకలో అంతా చెప్పేసి నా మోకాళ్ళ మీద తల పెట్టాడు. క్షమించమంటాడనుకున్నాను. క్షమించేదాన్ని. నా చేయి వాడి జుట్టులోకి వెళ్ళింది కూడా.

"అమ్మమ్మా, నాకింకో కోరిక మిగిలే ఉంది కదా," అన్నాడు.

"ఉంది."

"అమ్మకి చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు."

నేను చేయి వెనక్కి తీసుకున్నాను. సరే అనలేదు, కాదనలేదు. ఊరుకున్నందుకు ఒప్పుకున్నానని వాడనుకున్నాడు. మర్నాడే సామాను సర్దుకుని హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. ఇంటికి ఎందుకు పిలవవని అడిగావు కదా, జవాబు ఇదే. వాడొస్తే ఆ కోరిక కూడా వెంట వస్తుంది, నా పక్కన కూర్చుని టీ తాగుతుంది.

ఇన్నాళ్ళూ మింగాను. పెద్దవాళ్ళు పోతే వాళ్ళ వస్తువులు జ్ఞాపకానికి తలా ఒకటి తీసుకెళ్తారు, పచ్చివయసులో పోయినవాడివి ఎవరూ ముట్టరు. ఆ చక్రాలు ఇంకా పాకలోనే ఉన్నాయి, వెళ్ళినప్పుడల్లా చూస్తున్నాను. వాటి గాడుల్లో మట్టి కూడా ఎండి అలాగే ఉంది. అయినా మింగాను. ఇప్పుడు నా కొడుకు పేరున కోసిన గుర్రాన్ని తింటూ, నా కొడుకుని మూర్ఖత్వానికి ఉదాహరణగా నిలబెడతానని నీ భర్త అంటే, నీ కొడుకు పక్కనే కూర్చుని వింటాడంటే, ఇక మింగడానికి గొంతులో చోటు లేదు.

అల్లుడుగారిని మాట్లాడమను. ముందు ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆ తర్వాత ఏం మాట్లాడతారో ఆయన ఇష్టం, నీ ఇష్టం. దౌలెత్ వస్తే రానీ. ఆ చక్రాలు నలుగురిలో బయటికి తెచ్చి అవి ఎవరివో, ఎలా వచ్చాయో వాడి నోటితో వాడు చెబితే, ఆ రాత్రి వాడి పక్క నా గదిలోనే వేస్తాను. చెప్పకపోతే నేను చెబుతాను.

మన ఇంట్లో మేనల్లుడి మాట కాదన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. మీ నాన్న గుర్రప్పిల్లని ఇచ్చాడు. నీ తమ్ముడు టైర్లిచ్చాడు. నేను ఇవ్వను.

అక్షరాలు వంకరపోయాయి, చూశావు కదా. వయసు వల్ల అనుకోకు.

ఇట్లు,
రవాన్‌ని కన్న మీ అమ్మ