మెత్తటి పెట్టెలో కర్ర

మార్చి 4, మంగళవారం
ఆయన చేతికర్ర కావాలట. సినిమాకి. రూతు అడగకుండానే కాఫీ పెట్టి తెచ్చినప్పుడే అనుమానించాను. మనవరాలు ఎమ్మే చదివి షూటింగులకు సామాన్లు సర్దే ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు ఇంట్లో సామాన్ల మీద పడింది. వీల్లేదన్నాను.

మార్చి 5
మళ్ళీ అదే పాట. పేము కర్ర, వెండి పట్టీ, పిడి దగ్గర అరుగుదల — అలాంటిది కొత్తగా చేయిస్తే రాదట. దగ్గరగా తీసే షాట్లకు వాడే అసలు వస్తువును వాళ్ళు 'హీరో' అంటారట, పట్టుకునేవాడు విలనైనా సరే. ఫైటింగుకి స్పాంజీ రబ్బరూ కలిపి చేసిన డూప్ వేరే ఉంటుందట. "తాతయ్య కర్రతో ఎవర్నీ కొట్టరు అమ్మమ్మా."
ఆయన దానితో కుక్కను కూడా అదిలించలేదు. చివరి రోజుల్లో చర్చి మెట్లు ఎక్కించింది ఆ కర్రే. నా చెయ్యి పట్టుకునేవారు కాదు.

మార్చి 7
సరేనన్నాను. నేనూ వెంట వస్తాననేది షరతు. రూతు మొహం మాడిపోయింది.

మార్చి 10, సోమవారం
పామర్రు దాటాక ఒక పాత రైసుమిల్లు. దుమ్ము, జనరేటరు మోత. ఆర్ట్ డైరెక్టరు "రండి బామ్మగారూ" అన్నాడు. నేనెవరికీ బామ్మను కాను. వాళ్ళ టీ తాగలేదు.
ఆయన కర్రను ప్లాస్టిక్ కుర్చీలో పెట్టారు, కింద ఒక తువ్వాలు. పక్కనే మూతపెట్టె. లోపల స్పాంజి పరుపు, దాని మీద దర్జాగా రబ్బరు కర్ర! రంగు, పట్టీ అచ్చం అదే. నొక్కితే తప్ప తెలియదు. నకిలీకి పరుపు, అసలుకి కుర్చీ.
రూతును ఎవరో పిలిస్తే వెళ్ళింది. రెండూ మార్చేశాను. ఆయనది పరుపు మీదికి, రబ్బరుది కుర్చీలోకి. మూత వేశాను. చెప్పలేదు. మూత తీసినప్పుడు తనే చూసి సిగ్గుపడుతుంది. ఎండ ఎక్కకముందే బస్సెక్కి పటమటలో ఇంటికి వచ్చేశాను.

మార్చి 11
సూరిబాబు అనే ఫైటరుకి ముంజేయి విరిగింది.
రూతు ఆస్పత్రి నుంచి పొద్దున వచ్చింది. ఫైటింగు షాట్‌కి పెట్టెలోంచి కర్ర తీసి ఇచ్చింది తనే. పేముదీ రబ్బరుదంత తేలికే, హీరో వేషం వేసిన అబ్బాయికి తేడా తెలియలేదట. రిహార్సల్లో కొట్టినట్టే బలంగా కొట్టాడు. డూప్‌కి రంగు పెచ్చులూడుతుందని పరుపు వేస్తారట. ఎవరైనా ఒక ముక్క చెప్పారా నాకు?
నొక్కి చూసి ఇవ్వాలి కదా. అది దాని పని.

మార్చి 12
కర్ర విరగలేదట. ఇంకా పంపలేదు.

మార్చి 13
రూతు అన్నం ముందు కూర్చుని తువ్వాలు పరుస్తున్నట్టు చేతులు ఆడిస్తోంది. "కుర్చీలోనే పెట్టాను అమ్మమ్మా. నాకు గుర్తుంది." మళ్ళీ తనే, "పెట్టాననుకున్నానేమో..."
కూర వడ్డించాను.
ఆర్ట్ డైరెక్టరు ఫోన్ చేశాడు. నీ పరధ్యానానికి ఒక మనిషి చెయ్యి పోయిందని దానిమీద అరుస్తున్నాడు. ఫోన్ లాక్కుని, ఆడపిల్లతో మాట్లాడే పద్ధతి ఇదేనా అని అడిగాను. వెంటనే గొంతు తగ్గించాడు. "పోనీ ఎవరు మార్చారో మీరు చెప్పండి మేడమ్."
పెట్టేశాను.

మార్చి 14
రేపు పదింటికి బెంజ్ సర్కిల్లో సినిమావాళ్ళ ఆఫీసుకి రూతును రమ్మన్నారు. తప్పు తనదేనని రాసిచ్చి మానేస్తుందట. ఇక ఏ సెట్లోనూ అడుగుపెట్టదట. తన చేతుల మీద తనకే నమ్మకం పోయిందంటోంది. మూడేళ్ళుగా ఆ ఉద్యోగం మానమని పోరుతున్నది నేనే.
"నువ్వూ వస్తావా? ఏం మాట్లాడక్కర్లేదు. ఊరికే పక్కన కూర్చో."
వస్తానన్నాను.

మార్చి 15, శనివారం
అద్దం ముందు నిలబడి, మార్చింది నేనేనని చెప్పడం ఎలా మొదలుపెట్టాలో చూసుకున్నాను. మూడు రకాలుగా. మూడూ రూతును తిట్టడంతోనే మొదలవుతున్నాయి.
ఆటో వచ్చింది. రూతు కిందినుంచి పిలుస్తోంది —