రూతు సంచిలో నా చీర

శుక్రవారం, రాత్రి

పొద్దున నేను టీ కాస్తాంటే తమ్ముడి కూతురు రూతు తన సంచి సర్దుకుంది. ఏరు పొంగితే గుట్ట మీది చర్చికి పోవాల. మరదలు చంటోణ్ణి ఎత్తుకుంటాది కాబట్టి రూతు సంచి రూతే మోయాల. బిస్కెట్లు, టార్చి, స్వెట్టరు, రెండు నీళ్ల సీసాలు పెట్టి, ఆఖర్న నా చీర కుక్కింది.

"అదెందుకే?"

"నువ్వు తడిస్తే కట్టుకునేదానికి. ఆ మాత్రం తెలీదా అత్తా!"

లేవబోయి బరువుకు వెనక్కి పడింది. ఇద్దరం నవ్వినాం.

గనిలో నడుము విరిగిన తమ్ముడు మంచం దిగలేడు. సాయంత్రం ప్రార్థన అయినాక, ఏరు పొంగినా వాని దగ్గర నేనుంటానని చెప్పినా. ఎవరూ కాదనలేదు. తమ్ముడు గోడవైపు ముఖం తిప్పుకున్నాడు. ప్రభువా, ఒక్కరైనా వద్దంటారేమో అనుకుంటి.

రూతుకు చెప్పొద్దనుకున్నాం. అందుకే చీర సంచిలోనే ఉంచి, బరువు తగ్గాలని ఒక నీళ్ల సీసా తీసేసినా.