పట్టకారుకు రాని పురుగు

అక్కా,
నా జ్వరం తగ్గింది, బెంగపడకు. నువ్వు పంపిన పాత తెల్ల దుప్పటి అందింది. అడవిలో చీకటి పడగానే దాన్ని రెండు చెట్ల మధ్య కట్టి, ముందు దీపం పెడతాం. వెలుగుకు వచ్చి వాలే పెంకుపురుగులు ఎన్ని రకాలో చూడటమే మా పని. నిన్న మా సారు ఒక గోధుమరంగు పురుగును చూసి, "ఇది కొత్త రకంలా ఉందే!" అంటూ పట్టకారుతో లాగారు. రాలేదు. "మొండిఘటం!" అని గట్టిగా లాగితే దుప్పటే చిరిగింది. తీరా చూస్తే అది చిరుగుకు నువ్వు వేసిన రఫ్ఫు! కడుపుబ్బ నవ్వుకున్నాం.

తర్వాత నాకు నవ్వు రాలేదు. గుండీకి వేరే రంగు దారం వేస్తే ఊరుకోనిదానివి, తెల్ల దుప్పటికి గోధుమరంగు దారం ఎలా వేశావే? కళ్ళజోడు పెడితే ముసలిదాన్నయిపోతానని మొండికేయకుండా డాక్టరుకు చూపించుకో. నాకు రెండు జతల మేజోళ్ళు పంపు. చంటిదానికి ముద్దులు.

నీ తమ్ముడు

బావగారూ, ఈ కార్డు మీరే చదివి వినిపిస్తున్నారని నాకు తెలుసు. కళ్ళ సంగతి దాటేయకండి. జవాబు మాత్రం అక్క చేతిరాతతోనే రావాలి.