యాదమ్మకొచ్చిన మెసేజ్

పద్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు ఒత్తుల దగ్గర ఆపిన చదువు యాదమ్మకు ఇప్పుడు నేను చెబుతున్నాను. రోజూ మనింట్లో వంట ముగించాక కూర్చుంటుంది.

మొదట్లో నాకు అర్థం కాక అడిగాను, "మెసేజ్ వస్తే ఫోనే చదివి వినిపిస్తుంది కదా, నీకీ కష్టమెందుకు?" అని.

"అది మైకు లెక్క ఒర్లుతది సారూ. హాస్టల్ల ఉన్న నా బిడ్డ ముచ్చట ఖాజాగూడ ఆటోల అందరికీ ఎందుకు?"

చదువు ఉద్యోగానికనీ, లోకం తెలియడానికనీ అనుకునేవాణ్ని. ఒక మాటను తనలోనే ఉంచుకోవడానికి కూడా అని ఎప్పుడూ తట్టలేదు. నీకు తెలుసా ఆ సంగతి?

ఇవాళ కూతురి మెసేజ్ వచ్చింది. యాదమ్మ పెదాలు కదుపుతూ, చప్పుడు లేకుండా చివరిదాకా చదివింది. ఫక్కున నవ్వింది.

"ఏం రాసింది?" అన్నాను.

"నేన్ జెప్ప, పో సారూ!"

నీకైతే చెప్పేది.