నా పేరు మీద నీ రక్తం

జూలై 14, ఆదివారం మధ్యాహ్నం

పిచ్చుకకు నీ మొద్దు రాస్తున్న ఉత్తరం.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, ఆ ఇద్దరిలో ఒకరి కుశలం నాకు తెలియదు, రెండో దాని కుశలం చెప్పుకోదగ్గది కాదు. అయినా అడగడం మర్యాద కదా, అడుగుతున్నాను. ఎలా ఉన్నావే? మీ ఆయన ఎలా ఉన్నాడు? నాలుగేళ్ల తర్వాత ఈ ఉత్తరమేంటి, దీని ఫోను చచ్చిందా అని మూతి తిప్పుకుంటావని తెలుసు. ఫోను చేశాను. రెండుసార్లు నీ గొంతు వినగానే పెట్టేశాను. నోటితో అననిది చేత్తోనైనా రాయగలనేమోనని కూర్చున్నాను.

ముందు నా సంగతులు. కుట్టుపని మానేశాను. ఇప్పుడు కాన్పుల ఆసుపత్రిలో చీటీలు రాస్తాను. ఎనిమిదింటికి కిటికీ తెరిచేసరికి వరస గేటు దాటి ఉంటుంది. పేరు, వయసు, ఎన్నో నెల, ఎన్నో కాన్పు. నేను అడగాల్సింది అంతే. పిల్ల పదిహేడు అనబోతుంది, వెనకనుంచి అత్తగారు ఇరవై అంటుంది, నేను ఇరవై అనే రాస్తాను. చీటీ చేతికిచ్చి రక్తం గదికి పంపుతాను. చాలామంది దూది అదుముకుంటూ తిరిగొచ్చేస్తారు. ఎప్పుడో ఒకరిని మాత్రం లోపలి గదిలోకి పిలిచి తలుపు వేస్తారు. తలుపు వేశారంటే నేను అటు చూడకుండా తర్వాతి చీటీ అందుకుంటాను. మొన్న అలా వెళ్లొచ్చిన పిల్ల ఒకతె సరాసరి నా కిటికీ దగ్గరికొచ్చి, ఆయన ఒక్కడేనక్కా, ఇంకెవరూ లేరక్కా, ఒట్టక్కా అంది. నేనేదో నింద వేసినట్టు. పెళ్లికి వేసుకున్న గోళ్లరంగు ఇంకా సగం సగం ఉంది ఆ వేళ్లకి. మంచినీళ్లు ఇచ్చాను.

ఆ పిల్లను చూసినప్పటినుంచీ మన చొక్కాల కంపెనీ హాస్టలు గదే కళ్లముందు. ఆరు మంచాలు, ఒక కిటికీ, దానికి అడ్డంగా మనందరి తడిబట్టలు. నువ్వు కాలర్ల లైనులో, నేను గుండీల లైనులో. మనకి అప్పుడు పంతొమ్మిది. కంపెనీకి ఒక నర్సమ్మ వచ్చి, మగవాళ్లు తొడుక్కునే ఆ నిరోధు ప్యాకెట్లు పంచి, సిగ్గుపడకండమ్మా, అడగండమ్మా, లేకపోతే మీరే పోతారు అని గంటసేపు మొత్తుకుంది. ఆవిడ గుమ్మం దాటగానే నువ్వు నీదాన్ని ఊది బుడగ చేసి నా మంచానికి కట్టావు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఒక్కరం కూడా అడగలేదు. నా సంగతి నీకు తెలిసిందే, మా లైను సూపర్‌వైజరు. వాణ్ణి తొడుక్కోమంటే మర్నాడు నన్ను ఇస్త్రీ గదిలో పడేస్తాడని భయం. నీదేమో, గుడ్డ తాన్లు తెచ్చే వ్యాను డ్రైవరు, నిన్ను పెళ్లాడతానన్నవాడు. అలా అడిగితే, నామీదే అనుమానమా నీకు అంటాడని నీ భయం. భయాలు వేరువేరు గానీ ఇద్దరం చేసింది ఒకటే.

తర్వాత నాకు సంబంధం వచ్చింది. పెళ్లివారు మొహమాటం లేకుండా హెచ్.ఐ.వి. పరీక్ష కాగితం అడిగారు. అప్పటికే సూపర్‌వైజరు చిక్కి సగమై పనికి రావడం మానేశాడు. నాకు మూడు రోజులు ముద్ద దిగలేదు. అప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? ఏడవకే మొద్దూ, నీ పేరు చెప్పి నా రక్తం ఇచ్చేస్తాను, మొహాలు ఎవడు చూస్తాడు, నాకున్నది ఒక్కడే, నా రక్తం కడిగిన ముత్యం అన్నావు. నా గుర్తింపు కార్డు పట్టుకుని దర్జాగా పెద్దాసుపత్రికి వెళ్లి, చెయ్యి చాపి ఇచ్చేసి వచ్చావు. ఫలితం తేవడానికి నేను ఒక్కదాన్నే వెళ్లాను. వచ్చి, అంతా బాగుందని నీకు చెప్పాను.

ఆ నెల తిరక్కుండానే బకెట్టు విషయంలో కొట్లాడుకున్నాం. ఎంత చిన్న గొడవ! నువ్వు పెట్టె సర్దుకుని వెళ్లిపోయావు. ఆ డ్రైవరుతోనే నీ పెళ్లి అయింది, నేను రాలేదు.

పోయిన బుధవారం మన వార్డెనమ్మ కూతుర్ని తీసుకుని మా ఆసుపత్రికి వచ్చింది. ఆవిడే చెప్పింది, నీ పాప తొమ్మిదో నెలలో పోయిందని. పాలు తాగినా ఒళ్లు చేయలేదట, నోరంతా పూసిందట, దగ్గు తగ్గలేదట, జ్వరమని ఒకరు, దిష్టి అని ఒకరు అన్నారట. ఇంకా చెప్పింది. నీకు మళ్లీ ఏడో నెల అట. మొదటి కాన్పులాగే ఈసారీ సందు చివరి మంత్రసాని దగ్గరికే పోతున్నావట. ఆసుపత్రికెళ్లి రక్తపరీక్ష చేయించుకోవే అని ఆవిడంటే, నా రక్తం మంచిదని పెళ్లికి ముందే తేలిపోయిందిలే అన్నావట.

ఆ మాట విన్నాక నేను రాసిన చీటీల్లో అన్నీ తప్పులే. పెద్ద గుమాస్తా చీవాట్లు పెట్టాడు.

అందుకే రాస్తున్నాను. వెళ్లవే. ఎప్పుడో ఇచ్చిన రక్తం ఇవాల్టి సంగతి చెప్పదు. ఒక్కడే అన్నది కూడా లెక్కలోకి రాదు, ఆ ఒక్కడు ఎక్కడెక్కడ తిరిగాడో మనకేం తెలుసు? జబ్బు ఉందని తేలితే రోజూ మాత్రలిస్తారు. ఏడో నెలలో మొదలుపెట్టినా మేలేనట, పుట్టిన బిడ్డకీ మందు పోస్తారట. నేను చీటీ రాసిన ఒకావిడ అలాగే మాత్రలు వాడింది. మొన్న ఏడాదిన్నర పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి, వీడికి లేదని తేల్చేశారమ్మా అని అందరికీ చూపించుకుంది. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లు. రానంటే నువ్వొక్కదానివే వెళ్లు. మా ఆసుపత్రికే రానక్కర్లేదు, నా మొహం చూడనక్కర్లేదు.

పాప పేరేం పెట్టుకున్నావో వార్డెనమ్మను అడగడానికి కూడా నాకు నోరు రాలేదు.

ఇట్లు,
నీ మొద్దు

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. ఇంత రాసీ అసలుది రాయలేదు. ఇలా పంపితే నువ్వు వెళ్లవు. నాకు తెలుసు నీ సంగతి.

ఆ ఫలితం బాగాలేదు. నా పేరు మీద ఇచ్చిన నీ రక్తంలో జబ్బు ఉంది. అక్కడ ఒకావిడ నన్ను లోపలికి పిలిచి, తలుపు వేసి, నా చెయ్యి పట్టుకుని, ఇది చావు కాదమ్మా, మాత్రలు వేసుకుంటే అందరిలాగే బతుకుతావు, రేపు నీ పిల్లలకి రాకుండా కూడా చూసుకోవచ్చు అని ఓపిగ్గా చెప్పింది. నీకు చెప్పాల్సిన మాటలు, నీకు దక్కాల్సిన ఓదార్పు. నేను తలూపుతూ కూర్చున్నాను. మర్నాడు ఇంకో చోట నా రక్తం ఇచ్చాను. నాకేమీ లేదన్నారు. పెళ్లివారికి ఆ కాగితమే ఇచ్చాను. ఆ సంతోషంలో మిఠాయి కొంటే నువ్వూ తిన్నావు, నాకంటే ఎక్కువ నువ్వే గెంతావు.

నీకు చెబితే రక్తం మార్చిన సంగతి బయటపడి పెళ్లి ఆగిపోతుందనుకున్నాను. పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను. రోజూ నీ మొహం చూడలేక, నువ్వు పోతే చాలని కావాలనే ఆ గొడవ పెట్టుకున్నాను. నీకు పాప పుట్టిందని, దానికి రెండో నెలప్పుడే ఎవరో చెప్పారు. అప్పటికైనా చెప్పి ఉంటే మందులకి దారి ఉండేది. ఏడు నెలలు నోరు మూసుకుని కూర్చున్నాను. జ్వరం కాదు, దిష్టి కాదు పిచ్చుకా. నేను.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. నన్ను తిట్టు, శాపనార్థాలు పెట్టు, దారి పొడుగునా పెట్టుకుంటూనే ఇది అందిన మర్నాడు పొద్దున్నే వెళ్లు. వరసలో నిలబడు. ఈసారి నీ పేరే చెప్పు.