ళ లేని వెబ్‌సైటు

శుక్రవారం, ఆగస్టు 2002

మా లైబ్రరీ వెబ్‌సైటులో తమ్ముడు ప్రసాదు తెలుగు పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. మిర్చి యార్డు నుంచి వస్తూ ఆగిన కోటయ్య గారు తెర మీద ‘మీ కళ్లు – జాగ్రత్తలు’ని ‘మీ కల్లు’ అని చదివారు. ఇంగ్లీషులో రెండూ ఒకటే మరి.

"అమ్మగారూ, దీనిక్కూడా పుస్తకం రాశారా? ముందు అదియ్యండి!"

అందరితోపాటు నేనూ నవ్వాను. కానీ మనసు ఒప్పుకోలేదు.

"తెలుగులో పెట్టరా."

"అక్కయ్యా, తెలుగు ఫాంటు లేనివాళ్లకి ఉత్త గళ్లే కనపడతాయి."

"అయితే పేర్లని బొమ్మలుగా పెట్టు."

"పేజీ తెరుచుకునేసరికి తెల్లారుద్ది!"

"తెల్లారనీ."

రేపే వెబ్‌సైటు ప్రారంభోత్సవం. పేర్లన్నీ మారేదాకా ఆపమన్నాను. అది ఆగితే మెమో ఇస్తానని గ్రంథాలయ సంస్థ సెక్రటరీ గారు ఫోనులో కేకలేశారు. ఇవ్వమన్నాను. మన నోట్లో ఉన్న ళ వెబ్‌సైటులో ఎందుకు ఉండకూడదు?

రాత్రి ఇంట్లో దేవుడి దీపం ముందు కూర్చుని ఇది రాస్తున్నాను. రిటైరయ్యే ముందు ఈ మచ్చ అవసరమా అనీ అనిపించింది...

మెమో వస్తే రానీ. తెలుగులో రాసిస్తేనే తీసుకుంటాను.